రాక్ వెనక గోడ

“జర ఆ రాక్ పక్కకు జరుపుతవా బిడ్డా? ఎనక గోడ చూడాలె” అన్నాడు ముసలాయన.

జైనబ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

వారం రోజుల్లో ఈయన ఎనిమిదోవాడు. పొద్దున కాఫీ కంపెనీవాళ్లు టేపు పట్టి కొలుచుకుపోయారు. నిన్న బిర్యానీ పాయింటాయన ఇదే రాక్ జరిపి, గోడకు చెమ్మ ఉందేమో చూపించమన్నాడు. మనిషి ఇంకా దుకాణంలో కూర్చునే ఉంది, జిరాక్స్ మిషన్ తిరుగుతూనే ఉంది. అప్పుడే ఆమె మడిగెను కళ్లతో పంచుకుంటున్నారు. సిగ్గుండొద్దూ మనుషులకు?

యూనివర్సిటీ క్యాంపస్ గేటుకు సరిగ్గా ఎదురు మడిగె అది. ఇప్పుడంటే మానుకోటలో అందరి కన్నూ దాని మీదే గానీ, పద్నాలుగేళ్ల కింద అక్కడ తుమ్మచెట్లు తప్ప ఏమున్నాయి గనక?

ఆ రోజుల్లో, ఇప్పటి ఓనరు సురేందర్ తండ్రి అయిదు మడిగెలు కట్టించాడు. జైనబ్ భర్త తాజుద్దీన్ అయిదింటికీ షటర్లు చేసి బిగించాడు. కూలి తీసుకోలేదు, మాట తీసుకున్నాడు. నడుపుకున్నన్నాళ్లు చివరి మడిగె నీ ఇంటివాళ్లదే, కిరాయి కట్టుకుంటూ ఉండండి, లేవమనను అని.

కాగితం రాసుకోలేదు. గోడలు కట్టిన రాంజీ మేస్త్రి ఒక్కడే సాక్షి.

మాట ఇచ్చినాయన పోయాడు. పుచ్చుకున్న తాజుద్దీన్ రెండేళ్ల కింద పోయాడు. క్యాంపస్ వచ్చింది, కిరాయిలు పెరిగాయి, ఇప్పుడు సురేందర్ లేవమంటున్నాడు.

“కాగితముంటే చూపెట్టక్కా. లేకుంటే ఆ మేస్త్రిని తోలుకరా. మా నాయిన గట్ల అన్నడని ఆయన చెప్తే నేను మల్ల నోరెత్త” అన్నాడు. దానికి ఇవాళ సాయంత్రం దాకే గడువు. నలుగురు పెద్దమనుషులను కూడా పిలిచిపెట్టాడు.

రాంజీని జైనబ్ ఏనాడూ చూడలేదు. పెద్దవంగర దగ్గరి తండా అని భర్త చెప్పగా విన్నది, అంతే. తండాకు మనిషిని పంపితే, ఆయన రేగొండలో బిడ్డ దగ్గర ఉంటున్నాడు, కబురు పెడతాం అన్నారు. నాలుగు రోజులైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆమె పరేషాన్ ఆమెకుంటే, నడుమ ఈయనొకడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, భుజాన కొత్త తువ్వాల, కళ్లకు నల్లద్దాలు. చూస్తేనే తెలుస్తోంది పెద్ద పార్టీ అని.

“ఏ కంపెనీ మీది?” అంది.

“కంపెనీ ఏంది బిడ్డా. ఇది తాజుద్దీన్ మడిగెనే గదా?”

“ఆయన పేరు నీకెందుకు? పొద్దున వచ్చినోళ్లు గూడ గదే అడిగిండ్రు. నేనింకా లేవలే, సామాను సర్దలే. నా నెత్తి మీద నిలవడి గోడలు చూసుకుంటరా?”

“గట్ల కాదు తల్లీ. నేనొచ్చింది...”

“నువ్వెవరో నాకు అక్కెర్లే. ఎందుకొచ్చినవో చెప్పద్దు.”

“పిలిస్తెనే వచ్చిన బిడ్డా.”

“పిలిచినోని దగ్గరికే పో. నేను లేచినంక ఇద్దరు కలిసి గోడలు నాక్కోండి.”

జిరాక్స్ కోసం నిలబడ్డ పిల్లలు కిసుక్కున నవ్వారు.

ముసలాయన వెనక్కి తిరిగాడు. వెళ్లబోతూ గుమ్మం పక్క గోడ మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. కోపంలో ఉన్న జైనబ్ చూసీ చూడనట్టు చూసింది.

తరవాత మెల్లగా మెట్లు దిగి, బస్టాండు వైపు నడిచాడు.

“మంచినీళ్లన్న ఇయ్యకపోతివి అక్కా. ఎండల వచ్చిండు” అంది పక్క మడిగెలో జ్యూస్ అమ్మే సౌందర్య.

“నీళ్లిస్తే కుర్చీ అడుగుతరు, కుర్చీ ఇస్తే మడిగె అడుగుతరు. చాలు మంచితనం.”

సాయంత్రం పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. జైనబ్ రోడ్డు వైపే చూస్తోంది. ఆటో ఆగినప్పుడల్లా లేచి నిలబడుతోంది.

“మేస్త్రి ఏడక్కా?” అన్నాడు సురేందర్.

“వస్తడు తమ్మీ. ఇంకో రెండు దినాలు ఆగు.”

“ఉంటే గదా వచ్చెటందుకు” అని నవ్వి, స్టాంపు కాగితం ముందుకు జరిపాడు.

ఆ నలుగురిలో ఇద్దరు రోజూ పొద్దున తాజుద్దీన్ చేసిన షటర్లే ఎత్తుకుంటారు. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు, ఇంకొకాయన చాయ్ ఊదుకుంటున్నాడు. ఆమె ఒక్కొక్కరి మొహం చూసింది. చూసి ఏం లాభం? మడిగె మీద తనకు ఏ మాటా లేదని, తన ఇష్టంతోనే ఖాళీ చేస్తున్నానని సంతకం పెట్టింది.

“రాంజీ అట, మేస్త్రి అట. ఒక మాట చెప్పెటందుకు కాళ్లు రాలే. గసొంటి మనిషిని నమ్మిండు నా మొగుడు” అని ఆ రాత్రంతా తిట్టుకుంది.

మర్నాడు సామాను సర్దుతుంటే సౌందర్య సాయానికి వచ్చింది. ఇద్దరూ కలిసి రాక్‌ను ఒక పక్కకు లాగారు. మడిగె తెరిచిన్నాటి నుంచి ఆ రాక్ కదిలింది లేదు.

వెనక గోడ మీద, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఒత్తిన మూడు అరచేతుల అచ్చులు వరసగా ఉన్నాయి.

వంకర చిటికెనవేలున్న మొదటిది తాజుద్దీన్‌ది. ఆ చెయ్యి ఆమెకు తెలియనిదా? రెండోదాంట్లో, ఇప్పుడు సురేందర్ పెట్టుకు తిరుగుతున్న తండ్రి వెడల్పాటి ఉంగరం వేలికి అడ్డంగా గాడిలా దిగి ఉంది.

మూడో అరచేతికి చివరి రెండు వేళ్లు లేవు.