అంచెల మీద

మధ్యాహ్నం రైలుకి బాపట్ల వెళ్ళిపోతున్నానని తాతయ్య నోవహు మాస్టారు పొద్దున్నే కాఫీ దగ్గర బాంబు పేల్చారు.

పెర్సిస్ తన గ్లాసు పక్కకి నెట్టేసింది. అమ్మ అనుగ్రహ ఓ ఆసుపత్రిలో నర్సు. ఎప్పుడూ డ్యూటీలే. తాతయ్య వచ్చాకే దేశ రాజధానిలో, జియా సరాయ్‌లోని ఆ మూడో అంతస్తు ఇల్లు ఇల్లులా ఉంది. ఆయన తెలుగులో చీవాట్లు పెట్టడం, తను హిందీలో ఎదురు చెప్పడం, ఇద్దరూ కలిసి పకోడీల ప్లేటు ఖాళీ చేయడం. ఇక ఇవేవీ ఉండవా?

బతిమాలితే వినే మనిషి కాదు. రైలు తప్పించాలి, అంతే.

రిటైరైనా తెలుగు మాస్టారు తెలుగు మాస్టారే. ఏదైనా మాటకి అర్థం అడిగితే చాలు, అన్నం కూడా మరిచిపోతారు. చిక్కల్లా ఒకటే. పెర్సిస్‌కి తెలుగు అర్థమవుతుంది కానీ నోటికి హిందీయే వస్తుంది.

"తాతయ్యా, నిన్న ఫోన్‌లో 'అంచెల మీద వచ్చాను' అన్నావ్ కదా. మత్‌లబ్ క్యా హై?"

"ఈ చెవికి హిందీ ఎక్కదమ్మడూ," అంటూ మాస్టారు బయల్దేరడానికి చెప్పులు తొడుక్కోసాగారు.

"అదే... దానికి అర్థం ఏంటి?"

మాస్టారు ఒంటికాలి చెప్పుతో ఆగిపోయారు.

"మహా వేగంగా అని! పూర్వం కబురు మోసే రౌతు ఒకే గుర్రం మీద ఎంత దూరమని పోతాడు? దారిలో మజిలీకో కొత్త గుర్రం సిద్ధంగా ఉండేది. ఆ మజిలీయే అంచె. దిగడం, ఎక్కడం, దౌడు తీయడం!"

"నాన్నా, క్యాబ్ వచ్చేసింది!" వంటింట్లోంచి అనుగ్రహ కేకేసింది.

పెర్సిస్ గబుక్కున అడ్డం పడింది. "మరి పాస్టర్‌గారు 'అంచెలంచెలుగా ఎదగాలి' అంటారుగా? అది స్లో కదా... కాదు, మెల్లగా కదా?"

"శెభాష్!" మాస్టారు కుర్చీ లాక్కున్నారు. "గుర్రాలు పోయాయి, మజిలీలు మిగిలాయి. అందుకే మెల్లబడిందని నా ఊహ."

ఇక పెర్సిస్ వదల్లేదు. గుర్రాలకి దాణా ఎవరు పెట్టేవారు? వానొస్తే ఏం చేసేవారు? పల్లకీలకీ అంచెలుండేవా? మధ్యలో హిందీ దొర్లితే చాలు, మాస్టారికి చెవుడొచ్చేది. పాపం, చెమటలు కక్కుతూ తెలుగు మాటలు వెతుక్కుంది. అనుగ్రహ మరో రెండు కేకలేసి ఊరుకుంది.

"అయ్యో తాతయ్యా, రైలు వెళ్ళిపోయుంటుంది!" చివరికి పెర్సిస్ గడియారం చూసి మొహం వేలాడేసుకుని అంది.

"ఎంత పని జరిగిందే!" మాస్టారు నెత్తి కొట్టుకుంటూ వంటింట్లోకి నడిచారు.

తాతనే బోల్తా కొట్టించానని పెర్సిస్ పొంగిపోయింది. గొంతెండిపోతే మంచినీళ్ళకని వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. లోపల అమ్మ గుసగుస.

"మొత్తానికి దీని నోట తెలుగు పలికించారు నాన్నా, ఇంతకీ మీ అసలు టికెట్టు క్రిస్మస్ అయ్యాకే కదా తీయమంటారు?"