బండ చుట్టూ ముప్పై ఒక్క మొక్కలు

"సోమవారంలోగా ఆ జంతువేదో తేల్చు. లేకుంటే నీ పీహెచ్‌డీ ఇగ ఖతం!" అని ఫోన్ పెట్టేసింది గైడు కృప మేడం.

కోదాడ కాలేజీ లెక్చరర్ శశిధర్‌కు చెమటలు పట్టాయి.

మోతె దగ్గర అతను పరిశోధన చేస్తున్న గుట్ట మీద నీడనిచ్చేది ఒకే ఒక్క బండ. మూడేళ్ల కిందట గడ్డిజాతులు లెక్కపెట్టడానికి మొదటిసారి వచ్చినప్పుడు దాని చుట్టూ ఒక్క తునికి మొక్కా లేదు. ఇప్పుడు ముప్పై ఒకటి! తునికి చెట్లేమో మైలు దూరంలో, తండా అవతల ఉన్నాయి. గింజలను ఇంత దూరం మోసుకొస్తున్నది ఏది? నక్కా? ఎలుగుబంటా?

థీసిస్ మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది.

నెల కిందటే బండకు ఎదురుగా కెమెరా బిగించాడు. ఏది కదిలినా దానంతటదే వీడియో తీస్తుంది. ఇప్పటిదాకా నక్క లేదు, ఎలుగు లేదు. తాను కెమెరా సర్దినవి, తాను కూర్చున్నవి, అన్నం తిన్నవి... తన ముఖం కనబడగానే ఆ చెత్తంతా మిగతాది చూడకుండానే ఏ రోజుకారోజు చెరిపేశాడు.

ఆదివారం తండా నుంచి మేకలు తోలుకొచ్చిన శాంతాబాయి ఎప్పటిలాగే కొంగు విప్పి దోసెడు తునికి పండ్లు పెట్టింది.

"తిను సారూ. మొఖం గట్ల పీక్కపోయిందేంది?"

"గింజలు తెచ్చే జంతువు దొరుకుతలేదవ్వా. నీ మేకలేనా?"

"మా మేకల మీద పెట్టకు! గదేందో నాకెర్కనే. మూడేండ్ల సంది సూస్తున్న."

శశిధర్ ఎగిరి కూర్చున్నాడు. పెన్ను తీశాడు.

"ఎన్ని కాళ్లు?"

"రెండే."

"అయితే పక్షే! ఎప్పుడొస్తది?"

"ఎండ నెత్తికెక్కినంక."

"నన్ను చూస్తే బెదురుతదా?"

శాంతాబాయి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. "అస్సలు బెదరది సారూ."

పండ్లు చప్పరిస్తూనే రెండు పేజీలు నింపాడు శశిధర్. ఆ రోజు కెమెరా కార్డు చెరిపే తీరిక కూడా లేక, తెల్లారగానే మేడం దగ్గరికి సూర్యాపేట బస్సెక్కాడు.

మేడం కార్డు లాక్కుని ల్యాప్‌టాప్‌లో పెట్టింది. కాసేపు చూసింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"దొరికిందయ్యా!"

"ఏ పక్షి మేడం?"

ఆమె తిప్పిన తెర మీద, బండ నీడన కాళ్లు బారజాపుకుని, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని, తునికి గింజలను నలువైపులా తుపుక్కు తుపుక్కున ఊస్తున్నాడు శశిధర్.