బిళ్ళకు రాని మాట

మెడలో పలుకుబిళ్ళ లేని మనిషి కర్నూలులో కనబడని కాలమది. మనసులో ఏముందో కనిపెట్టి, ఆ మాటేదో బిళ్ళే తియ్యగా చెప్పేసేది. అలాంటి రోజుల్లో మనసుకు వైద్యం చేసే సులోచనకు ఓపిక నశించిపోతోంది.

ఆ ఉదయం మద్దిలేటి మళ్ళీ వచ్చాడు. అతని భార్య రాములమ్మ అలిగి, డోన్‌లో అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

"ఎలా ఉంది మీకు?" అని అడిగింది సులోచన.

"మద్దిలేటి గారు విచారంగా ఉన్నారు. దయచేసి ఓదార్చండి," అంది అతని బిళ్ళ.

"నేనడిగింది నిన్ను కాదు!"

"అదే బాగ చెప్తాది మేడమ్," అని నవ్వాడు మద్దిలేటి.

వచ్చినప్పుడల్లా ఇదే తంతు. సులోచనకు ఒళ్ళు మండిపోయింది. "మీ ఆవిడ కాపురం చేసింది మీతోనా, ఈ బిళ్ళతోనా?" అని అరిచింది.

"సులోచన గారు మిమ్మల్ని చక్కగా అర్థం చేసుకుంటున్నారు," అంది ఆమె మెడలోని బిళ్ళ. ఆమె దాన్ని తెంపి సొరుగులో పడేసింది.

మద్దిలేటి ముఖం కందగడ్డయింది. "నా ఇంటి సంగతి నీకేం తెల్సమ్మా? రాములు గుడ్డలు సర్దుకుంటాంటే పోవద్దనాలనుకుంటి. నోరు రాల్యా! ఈ బిళ్ళేమో 'మీ నిర్ణయాన్ని మద్దిలేటి గారు గౌరవిస్తున్నారు' అనె!"

"నోరు రాని ఆ మాట ఇప్పుడు ఆమెతోనే అనండి," అంటూ సులోచన ఫోను అతని ముందుకు తోసింది.

మద్దిలేటి బిళ్ళను పిడికిట్లో నొక్కిపట్టి, ఫోనందుకుని రాములమ్మకు కలిపాడు. "ఇంటికి రా మే. నువ్వు ల్యాక నాకు చాతగావడంల్యా," అన్నాడు.

అవతల రాములమ్మ, "ఎవురు మాట్లాడేది?" అంది.

"నేనే మే, మద్దిలేటిని."

"ఇంగోసారి అను," అంది రాములమ్మ.