ఎడమ చక్రం మీది చప్పుడు

“చేతకాకుంటే కాదని చెప్పు దుర్గన్నా. ఇంకో షెడ్డు చూసుకుంట” అన్నాడు అమరేందర్.

జడ్చర్ల హైవే పక్క రేకుల షెడ్డులో అతని జీపు జాకీల మీద లేచి ఉంది. మెకానిక్ దుర్గయ్య దాని కింది నుంచి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. చౌటుప్పల్‌లో కృష్ణయ్య అనే ఆయన దగ్గర ఆ పాత జీపు కొనుక్కొచ్చి, గుట్టల్లో రాళ్లల్లో తిరగాలని జానెడు ఎత్తు పెంచమన్నది అమరేందరే. పెంచింది దుర్గయ్యే. ఆ వారంలోనే చప్పుడు మొదలైంది. గుంతలో పడినా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినా, వెనక ఎడమ చక్రం దగ్గర టక్కుమని ఒక మొద్దు దెబ్బ.

బుష్‌లు మార్చారు. షాకబ్జర్లు మార్చారు. బండి బరువు మోసే కమాన్ కట్ట విప్పి ఒక్కో పట్టీ చూసి మళ్లీ బిగించారు. బిగించిన ప్రతిసారీ ఇక రాదనేవాడు దుర్గయ్య. ఊరి దారి పట్టేసరికి అది తయారుగా ఉండేది.

“కొత్త పట్టీలు, బిర్రుగుంటయి. చప్పుడే కదా తమ్మీ, జర అలవాటు చేసుకోరాదు.”

దుర్గయ్య విన్నది ఇనుము చప్పుడు. అమరేందర్‌కు వినబడేది వాళ్ల బాపు లచ్చయ్య చేతికట్టె. జీపు కొన్న కొత్తలో, ఇంకా ఎత్తు పెంచకముందే పోయాడు ఆయన. ఆనాటి మధ్యాహ్నం ముసలాయన పక్క అర్రలోంచి తలుపు మీద కట్టెతో కొట్టాడు. ఒకటి. జరసేపు ఆగి ఇంకొకటి. బీడీ కోసమై ఉంటుందిలే అని అమరేందర్ కూలర్ ముందు అటు తిరిగి పడుకున్నాడు. పొద్దుగూకి చాయ్ తీసుకుపోయిన తల్లి చూసేసరికి ఆయన చల్లబడి ఉన్నాడు. కట్టె చేతిలోనే ఉంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. జీపులో పాటలు గట్టిగా పెట్టేవాడు. పాటల మీదుగానే వచ్చేది చప్పుడు. నిన్న గుంతలో పడగానే నోటి వెంట “ఆఁ బాపూ” అని వచ్చేసింది. పక్కనున్న భార్య శ్రీవాణి అతని మొహం చూసి, ఇక ఆ జీపు ఎక్కనంది.

జేబులో ఫోన్ మోగింది. జీపు అమ్మిన కృష్ణయ్య. పొద్దున్నుంచి చేస్తూనే ఉన్నాడు. కాగితాల్లో పేరు మార్చుకోమని సతాయిస్తాడని అమరేందర్ కట్ చేశాడు.

దుర్గయ్యకూ పంతం వచ్చింది. జీపును కిందికి దింపి, తాను వెనక ఎక్కి, ఎడమ చక్రం మీది రేకుపై అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. స్పీడ్ బ్రేకర్ మీదుగా పోనిమ్మన్నాడు. అమరేందర్ పోనిచ్చాడు. టక్కు.

“ఆపు. కింద కాదిది, పైన. ఇన్నొద్దులు కింద దేవులాడినం.”

వెనక సీటు కింద, చక్రం మీదనే, పనిముట్లు పెట్టుకునే ఇనుప డబ్బా ఉంది. మూత తుప్పు పట్టి బిగుసుకుంది. రాడ్డు పెట్టి లేపితే పాత గోనెసంచి, దాని వెనక ఎర్రగుడ్డ మూతిగట్టిన రాగి చెంబు. దుర్గయ్య దాన్ని ఎత్తి ముడి కొంచెం సడలించి చూశాడు. చెప్పులు విడిచాడు.

“తమ్మీ, ఇవి ఎముకలు. కింద పెట్టొద్దు.”

అమరేందర్ చెంబును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మూడో దినం చితిలోంచి ఏరిన బాపు ఎముకలను ఇలాగే రాగి చెంబులో పోసి ఎర్రగుడ్డ కట్టారు. ఇంట్లోకి తేవద్దని వాకిట్లో వేపకొమ్మకు వేలాడదీశారు. ఆలంపూర్‌లో కలిపి వస్తానని పెద్దోడు కమలాకర్ ఇదే జీపులో తీసుకపోయాడు. తల్లి దగ్గర అమరేందర్ ఉండిపోయాడు. కమలాకర్‌కు ప్లాట్లు చూపించే పని, పాడె మోస్తున్నప్పుడు కూడా ఫోన్ మాట్లాడిన మనిషి. పొద్దు తిరగకముందే వచ్చి, అయిపోయిందని చెప్పి స్నానం చేశాడు. ఆలంపూర్ పోకుండానే వచ్చాడా అని అమరేందర్‌కు ఇప్పుడు తోచింది.

“మీ అన్నకు ఫోన్ కొట్టి అడుగు” అన్నాడు సంగతి విన్న దుర్గయ్య.

“అడిగితే కొట్లాటైతది. ముందు బాపును సాగనంపుత. వాని సంగతి తర్వాత” అన్నాడు అమరేందర్.

దుర్గయ్య చెంబును జీపు పైకమ్మీకి గుడ్డతో వేలాడగట్టాడు. భూత్పూర్ దాటింది, కొత్తకోట దాటింది, పెబ్బేరు దాటింది. ఎన్ని గుంతలు వచ్చినా చప్పుడు రాలేదు. ఇన్ని రోజులు ఏది ఆగాలని మొక్కుకున్నాడో అది ఆగినందుకే అమరేందర్ దారి పొడుగునా ఏడ్చాడు.

ఆలంపూర్‌లో తుంగభద్ర రేవు దగ్గర అయ్యగారు పోయినాయన పేరు అడిగాడు. లచ్చయ్య అని చెప్పాడు అమరేందర్. నడుముల్లోతు నీళ్లలో దిగి, గుడ్డ విప్పి, చెంబు వంచాడు. తెల్లటి పెళ్లలు నీళ్లలో కాసేపు కనబడి మునిగిపోయాయి. ఖాళీ చెంబును కూడా వదిలేశాడు.

“ఈసారి పిలిస్తే వచ్చిన బాపూ” అన్నాడు, తనకే వినబడేటట్టు.

తడిబట్టలతో మెట్ల మీద కూర్చున్నాడు. ఒళ్లు తేలికైంది. జీపు సీటు మీద ఫోన్ మోగుతోంది. మళ్లీ కృష్ణయ్యే. ఈసారి ఎత్తాడు.

“పొద్దటి సంది చేస్తున్న తమ్మీ, ఎత్తవైతివి” అన్నాడు కృష్ణయ్య. “మా తమ్ముడు బొంబాయిల ఉంటడు, జీపు అమ్మిన సంగతి వానికి ఎరుకలేదు. ఇంట్ల పెట్టొద్దని వెనక సీటు కింది డబ్బాల పెట్టిండట, నాకు ఇయ్యాల చెప్పిండు. కాశీల కలుపుతమని మాటిచ్చినం. రేపు పొద్దుగాల వచ్చి తీస్కపోత. అప్పటిదాక గా రాగి చెంబు జర పైలం తమ్మీ, అండ్ల మా అమ్మ ఉన్నది.”