వీధి దాటని కారు

నాన్న వదిలి వెళ్లిన పాత కారు వీధి చివరిదాకా వెళ్లి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది, మళ్లీ ఆగుతుంది. కార్బురేటర్ విప్పి కడిగాను. పెట్రోలు పంపు మార్చాను. అయినా అదే తంతు.

"మీ నాన్న వల్లే కాలేదు. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యవే," అంది అమ్మ, గుమ్మంలో కూర్చుని.

"ఇది కదిలేదాకా నేనూ కదలను."

ఆ పంతంతోనే పెట్రోలు ట్యాంకు దించి బోర్లించాను. నానిపోయిన గుడ్డముక్క ఒకటి జారిపడింది. బండి కదిలినప్పుడల్లా అదే వెళ్లి పైపు మూతికి అడ్డం పడుతోందన్నమాట. పిండి చూస్తే చీర అంచు.

"నాన్న మీద కక్షతో ఎవరో వేశారమ్మా."

"ఎవరో కాదు, నేనే." అమ్మ గొంతులో బెరుకు లేదు. "తాగొచ్చి స్టీరింగు పట్టేవాడు. చెప్తే వినే మనిషా? బతికినన్నాళ్లూ బండిని తిట్టుకున్నాడు, తిట్టుకోనీ. రోడ్డు మీద పోలేదు, ముసలాడై మంచం మీద పోయాడు."

నా చేతిలోని గుడ్డ లాక్కుని అవతల పారేసింది. కారు తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వు తాగవుగా. ట్యాంకు బిగించు, వీధి దాటుదాం."