పది దాకా

కడప నుంచి వచ్చిన షమా ముఖం మీద ఏమీ లేదు. కడప చర్చిలో పాటలు పాడుతూ పెరిగిన ప్రేమజ్యోతి మాత్రం నల్లటి నఖాబు వేసుకుంది. కళ్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

కువైట్‌లో ఆ పెద్ద మాల్ గుమ్మం దగ్గర కలుసుకోగానే షమా పడీ పడీ నవ్వింది.

"ఏమ్మే జ్యోతీ, నేను వేసుకోవాల్సింది నువ్వేసుకున్యావే!"

"ఈడ దుమ్ము శానా షమా. లోపలికి పా."

దుమ్మూ లేదు, ధూళీ లేదు. గుమ్మం పక్కన ఇద్దరు పోలీసులున్నారు. నఖాబు వేసుకున్న ఆడమనిషిని వాళ్లు ఊరికే కార్డు అడగరని తోటివాళ్లు చెప్పారు.

ప్రేమజ్యోతి దగ్గర చూపించడానికి కార్డు లేదు. పాస్‌పోర్టు తను పనిచేసిన ఇంటి మేడం బీరువాలోనే ఉండిపోయింది. పనిచేసే ఇంటి నుంచి చెప్పకుండా వచ్చేసినవాళ్లను అక్కడి మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. అలాంటివాళ్లు దొరికితే జైలు, ఆ తర్వాత విమానం. మళ్లీ ఆ దేశం గడప తొక్కేది ఉండదు.

ఇదేమీ షమాకు తెలియదు. భర్త ముస్తాక్ దగ్గరికి నెల రోజులని వచ్చింది, ఎల్లుండి వెళ్లిపోతుంది. ఒకే వీధిలో కలిసి పెరిగిన మనిషి నోరు తెరిచి మాల్ చూపించమంటే ఎలా కాదనడం?

లోపలికి వెళ్లాక షమాకు ఉన్న రెండు కళ్లూ చాలలేదు.

గాజు కప్పు కింద నిజం ఖర్జూరపు చెట్లు, అత్తరు అంగళ్ల ముందు కమ్మటి పొగ. పాలరాతి నేలలో తన ముఖం కనిపించి షమా ఠక్కున ఆగిపోయింది.

"ఎంత నున్నగా ఉండాది మే! జారితే పోయి కడపలో పడతాం."

ప్రేమజ్యోతి నవ్వింది. అయినా ఎదురొచ్చే ప్రతి ఆడమనిషినీ ఒకసారి చూసి, మేడం కాదనుకున్నాకే అడుగు వేస్తోంది.

పై అంతస్తులో షమా ఫోన్ తీసింది.

"అది తీమే, ఒగ సెల్ఫీ. మీ అమ్మకు చూపించాల."

"వద్దులే."

"నీ మొగం చూపియ్యకుంటే మీ అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

ప్రేమజ్యోతి ఫోన్ వైపు చూసింది. ఫోన్ తెరలో, తమ ఇద్దరి తలల వెనక, మేడం వస్తోంది.

ఆమె వెనక సంచులు మోస్తూ కొత్త పనిమనిషి. ఇంకాస్త వెనక, గెంతుకుంటూ మేడం కూతురు మునీరా.

నెలల పిల్లగా ఉన్నప్పటి నుంచి నాలుగేళ్లు మునీరాను పెంచింది ప్రేమజ్యోతే, తన తెలుగు మాటలు నేర్పిందీ ఆమే. మేడం చెయ్యెత్తినప్పుడల్లా తను కిటికీ తెర వెనక్కి పోయేది. అది ఆట అనుకుని పిల్ల కిలకిలా నవ్వేది. సరే, ఆటే అనుకోనీ అని ప్రేమజ్యోతి దానికి దాగుడుమూతలు నేర్పింది. పది లెక్కపెట్టేదాకా కళ్లు తెరవకూడదు, ఎవరు పిలిచినా సరే.

ఇప్పుడు కిటికీ తెర లేదు. షమా చెయ్యి లాగి, ఖర్జూరపు చెట్టు కుండీ వెనక కూలబడింది.

"ఏమైందే?"

"గమ్మునుండు. ఆమే మా మేడం. దెబ్బలు తాళలేక పారొచ్చినా. చూసిందంటే పోలీసులకు పట్టిస్తాది."

షమా ముఖంలో నవ్వు ఆరిపోయింది. చున్నీ విప్పి సర్దుకుంటున్నట్టు కుండీకి అడ్డంగా నిలబడింది.

మేడం ఫోన్‌లో మాట్లాడుతూ దాటిపోయింది. పనిమనిషీ దాటిపోయింది.

మునీరా దాటలేదు. ఎస్కలేటర్ పక్క కదిలే పట్టీ మీద పొట్ట ఆనించి ఊగుతోంది. అవతల కిందిదాకా ఖాళీ. పిల్ల కాళ్లు నేలను వదిలాయి.

ప్రేమజ్యోతి నోటికి నఖాబు ఉంది గానీ తాళం లేదు.

"బుజ్జమ్మా! పైలం! దిగు!"

పిల్ల ఉలిక్కిపడి కిందికి దిగింది. ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కతే. నేరుగా కుండీ దగ్గరికి వచ్చి తొంగి చూసింది. కనిపించినవి రెండు కళ్లే. దానికి అవే చాలు.

"జ్యోతీ! ఈడుండావా?"

దూరంగా మేడం వెనక్కి తిరిగింది. "మునీరా!"

పిల్లను ఒక్కసారి గుండెకు హత్తుకోవాలనిపించింది ప్రేమజ్యోతికి. చెయ్యి సగం లేచింది కూడా. ఆ చేతిని షమా గట్టిగా పట్టుకుంది.

మేడం చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

మునీరా ముఖం వెలిగిపోయింది. గిరుక్కున తిరిగి, పక్కనున్న స్తంభానికి ముఖం ఆనించి, రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"ఒగటి... రెండు..."

"నడువు మే," అంది షమా, పెదవులు కదలకుండా.

ఇద్దరూ ఎస్కలేటర్ మీద నిలబడ్డారు. పరుగెత్తితే అందరూ చూస్తారు. అది తన పాటికి తాను మెల్లగా దిగుతోంది. షమా ఆ చెయ్యి వదల్లేదు.

పైన మేడం అరబ్బీలో గద్దిస్తోంది, కళ్లు తెరవమని, రమ్మని.

"ఏడు... ఎనిమిది..."

ప్రేమజ్యోతి తలెత్తలేదు. నఖాబు తడిసి ముక్కుకు అంటుకుంది.

"తొమ్మిది... పది."

ఆ తర్వాతవి ఆమె ఇంకా నేర్పలేదు. నేర్పేలోపే వచ్చేసింది.

గుమ్మం ఇంకా చాలా దూరంలో ఉంది.

పైనుంచి మళ్లీ మునీరా గొంతు వినిపించింది.

"ఒగటి..."