ఆగిన దారం

"గాలం వేసేది నీళ్లలోకి అత్తయ్యా, చెట్టు మీదికి కాదు," అంది నెరిస్, విల్లో కొమ్మకు చిక్కుకున్న దారాన్ని విప్పుతూ.

"నా కొడుకుతో కాపురం చేసినన్నాళ్లూ ఈ నోరెక్కడ దాచావే?" అంది ఎలునెడ్, మోకాళ్ల లోతు అస్క్ నదిలో వణుకుతూ.

"దాచలేదు. అందుకేగా విడాకులు!"

విడాకులైన కొద్ది రోజులకే, చేపలంటేనే ముక్కు మూసుకునే ఈ మాజీ అత్తగారు గాలం వెయ్యడం నేర్పమంటూ వచ్చింది. ఒక్క ట్రౌట్ చేప పట్టేదాకా నేర్పుతానని నెరిస్ మాటిచ్చింది. ప్రతి ఆదివారమూ నదికి రావడంతోనే వేసవి గడిచిపోయింది. చేప మాత్రం పడలేదు.

నెరిస్ మళ్లీ మొదలుపెట్టింది. "ఈ నింఫ్, అంటే కొక్కేనికి కట్టిన ఈ ఉత్తుత్తి ఎర, నీటిపురుగులా అడుగున కొట్టుకుపోతుంది. చేప అందుకోగానే దారం ఆగుతుంది. వెంటనే గాలం కర్ర ఎత్తాలి. పక్కింటి పరదా కదిలితే మీకు ఇట్టే తెలుస్తుందిగా, ఇదీ అంతే."

నింఫ్ మునిగింది. గులాబీ రంగు దారం ప్రవాహంతో పాటు సాగి, ఠక్కున ఆగింది.

"ఎత్తండి!"

ఎలునెడ్ దారాన్నే చూస్తూ నిలబడింది. కర్ర కదపలేదు. దారం మళ్లీ సాగిపోయింది.

"కనబడలేదా?"

"కనబడింది. వేసవంతా కనబడుతూనే ఉంది," అంది ఎలునెడ్, తల తిప్పకుండానే. "చేప పడితే, వచ్చే ఆదివారం నేనెక్కడికి పోనే?"

నెరిస్ చల్లబడిపోయిన ఆవిడ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"పదండి, పై మడుగుకు పోదాం," అంది. "అక్కడి చేపలు మరీ గడుసువి. చచ్చినా పడవు."